పసిపిల్లల నడవడి - పెద్దల అభ్యాసము

(సాంస్కృతిక సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



“మొక్కై వంగనిది మానై వంగునా” అను సామెత వినబడని తెలుగు ఇల్లు అరుదు. పిల్లవాడు అల్లరి చేసినప్పుడెల్ల ఎవరో ఒకరు ఈ మాట అనుచునే యుందురు. అనిన వెంటనే చేయి ఎత్తుటయు కలదు. కాని తోటపని తెలిసిన వానిని అడిగినచో ఈ సామెతకు వేరొక అర్థము చెప్పును. లేతమొక్కను వంచదలచినవాడు దానిని బలముగా పట్టి లాగడు. లాగిన విరుగునని అతనికి తెలియును. ప్రక్కన ఒక ఊతకర్ర పాతును. మెత్తని నారతో వదులుగా కట్టును. నీరు పోయును. వెలుతురు ఏ వైపునుండి వచ్చుచున్నదో చూచును. పిమ్మట దినముల తరబడి ఓపిక పట్టును. మొక్క వంగుటకు ముందు తోటమాలి వంగవలెను. పసిపిల్లల నడవడిని దిద్దు విద్యయు ఇట్టిదే.

శిశుసంరక్షణలో శిక్షణ పొందు విద్యార్థినులు ఈ విద్యను ఎట్లు నేర్తురు అనునది నేటి ప్రసంగ విషయము. ఇది ఆ విద్యార్థినులకు మాత్రమే సంబంధించినదని తలపరాదు. ఉద్యోగరీత్యా దూరప్రాంతములకు వచ్చిన కుటుంబములలో అమ్మమ్మ ఒక ఊర, నాయనమ్మ మరియొక ఊర ఉందురు. భార్యాభర్తలిరువురును కార్యాలయమునకు పోవలసి వచ్చినప్పుడు, పసివాడు పగలు ఏడెనిమిది గంటలు పరుల చేతులలో పెరుగును. ఆ చేతులు ఏమి నేర్చినవో తెలిసికొనుట తల్లిదండ్రులకు అవసరము. ఆ చేతులు నేర్చినదానిలో కొంత తామును నేర్చుట మరింత అవసరము.

పసిపిల్లలను అర్థము చేసికొనుటయు ఒక శాస్త్రమేయని లోకము గుర్తించి ఎంతో కాలము కాలేదు. ఇటలీదేశమున వైద్యురాలగు మరియా మాంటిసోరీ 1907లో రోమునగరములోని ఒక పేదవాడలో శిశుగృహమును తెరచెను. బిడ్డను దిద్దుటకు ముందు బిడ్డను చూడవలెనని ఆమె బోధించెను. ఆమె 1939లో మద్రాసు నగరమందలి అడయారునకు వచ్చి, యుద్ధకారణమున 1946 వరకు ఈ దేశముననే యుండి, అనేకులకు శిక్షణ నిచ్చెను. అంతకు మునుపే, న్యాయవాదవృత్తిని విడిచిన గిజూభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరమును స్థాపించి, భయమును, బెత్తమును పసివారి చదువునుండి తొలగించుటకు పాటుపడెను. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ ఆ పనిని గ్రామములకును, గిరిజనుల పిల్లలకును అందించెను. తెలుగువారి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షురాలుగా 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి పల్లెలలో బాలవాడీలకు అండగా నిలిచెను. 1969లో ఢిల్లీలో భవననిర్మాణము చేయు కూలిస్త్రీల బిడ్డలకొరకు మొబైల్ క్రెషెస్ సంస్థ ఆరంభమయ్యెను. 1975 అక్టోబరు 2వ తేదీన సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకము మొదలై అంగన్‌వాడీని ఇంటింట వినబడు మాట చేసెను. 2008లో కేంద్రప్రభుత్వ మహిళోద్యోగులకు సర్వీసు మొత్తములో 730 దినముల శిశుసంరక్షణ సెలవు కల్పింపబడెను. 2017లో సవరింపబడిన ప్రసూతి ప్రయోజన చట్టము, 50 మందియు అంతకు మించియు ఉద్యోగులున్న సంస్థలలో శిశుసంరక్షణాలయము ఉండవలెననియు, తల్లి దినమునకు నాలుగుమార్లు బిడ్డను చూచి రావచ్చుననియు విధించెను.

సెలవులు, చట్టములు, భవనములు ఇట్లు సమకూడినవి. కాని గదిలోపల బిడ్డ ఏడ్చినప్పుడు ఏమి చేయవలెనో చట్టము చెప్పజాలదు. దానిని చేయవలసినది అచ్చట నిలిచియున్న మనిషి. ఆ మనిషికి శిక్షణ అందుకొరకే.

శిక్షణలో మొదట చెప్పబడు సంగతి వయస్సునకు సంబంధించినది. ఏడాది నిండని శిశువునకు “నడవడి” అను మాట ఇంచుమించుగా వర్తింపదు. ఆకలి, నిద్ర, తడి, నొప్పి, ఒంటరితనము - వీనిని తెలుపుటకు ఆ శిశువునకు గల ముఖ్యసాధనము ఏడుపు. “ఏడ్చినప్పుడెల్ల ఎత్తుకొన్న మారాము మరగును” అని పెద్దలు కొందరందురు. శిశుశాస్త్రము ఈ మాటను అంగీకరింపదు. పిలిచిన పలుకుదురను నమ్మకము కుదిరిన శిశువు క్రమముగా కొంత నిదానించుట నేర్చును. పలుకనివారిమధ్య పెరిగిన శిశువు గట్టిగా అరచుటయో, అరచుట మానుకొనుటయో నేర్చును. రెండవది నెమ్మదితనమని భ్రమపడుట ప్రమాదము. ఎనిమిది, తొమ్మిది నెలల ప్రాయమున శిశువు కొత్తవారిని చూచి బెదరి తల్లిని అంటిపెట్టుకొనుట పెంకితనము కాదు; తనవారెవరో తెలిసికొన్నదనుటకు గుర్తు.

ఏడాది దాటి మూడేండ్ల లోపువారి సంగతి వేరు. కాళ్లు వచ్చినవి, కోరికలు వచ్చినవి; మాటలు ఇంకను రాలేదు. ఏడాదిన్నర ప్రాయమున పలువురు పిల్లల కోరికలు నూరు, మాటలు పది. పైగా, కోరిక పుట్టినప్పుడు తన్ను తాను ఆపుకొను శక్తి మెదడు ముందుభాగమునకు సంబంధించినది. ఆ భాగము ఇరువది యేండ్లు దాటువరకును పెరుగుచునే యుండును. ఇట్టి స్థితిలో రెండేండ్ల బాలుని “బుద్ధి లేదా?” అని అడిగినచో, “ఇప్పుడిప్పుడే వచ్చుచున్నది” అనుటయే సత్యమైన సమాధానము.

ఈ సిద్ధాంతములు పుస్తకములో చదువుట సులభము. గదిలో పాటించుట ఎట్టిదో తెలియుటకు ఒక ఉదాహరణము చాలును.

ఢిల్లీలో ఉద్యోగుల నివాసములకు చేరువనున్న ఒక శిశుసంరక్షణాలయము. డిప్లొమా చదువుచున్న ఇరువది యేండ్ల విద్యార్థిని అభ్యాసమునకై అచ్చటికి వచ్చినది. ఆమె మాతృభాష హిందీ. ఆమెకు అప్పగించిన పిల్లలలో 19 నెలల తెలుగు బాలుడొకడు కలడు. తల్లి ఒక కార్యాలయమున గుమాస్తా. నాలుగవ దినమున ఆ బాలుడు ప్రక్కనున్న రెండేండ్ల పాప చేయి కొరికెను. విద్యార్థిని పరుగున వచ్చి వానిని రెక్క పట్టి లాగి, “గందీ బాత్!” అని గద్దించి మూలను కూర్చుండబెట్టెను. బాలుడు వెక్కి వెక్కి ఏడ్చెను. పది నిమిషముల పిమ్మట లేచి వచ్చి మరల కొరికెను.

సాయంకాలము పాప తల్లి చేతిపైనున్న పంటిగాట్లను చూచి కోపించెను. ఆమె కోపము న్యాయమైనదే. బాలుని తల్లి ఆ మాట విని తలవంచుకొనెను. ఇట్లే జరుగుచుండిన తన బిడ్డను ఇచ్చట ఉంచుకొందురా? ఉంచుకొననిచో మిగిలిన సెలవు ఎన్ని దినములకు వచ్చును? కాకినాడలో అమ్మమ్మ కలదు. కాని బిడ్డ అచ్చట, తాము ఇచ్చట! ఆ రాత్రి తండ్రి, “రెండు తగిలించిన వాడే మానును” అనెను. తల్లి మారుపలుకలేదు, కాని కొట్టనీయలేదు.

మరునాడు విద్యార్థిని తన పర్యవేక్షకురాలితో, “దీదీ, ఆ పిల్లవాడు చాల మొండివాడు. నావలన కాదు” అని చెప్పుకొనెను. ఆ పెద్దావిడ ఏమియు అనక ఒక నోటుపుస్తకము తెచ్చి, పుటను మూడు గళ్లుగా గీసెను. కొరుకుటకు ముందు జరిగినది ఒక గడిలో, జరిగిన పని రెండవ గడిలో, పిదప జరిగినది మూడవ గడిలో వ్రాయుమనెను.

విద్యార్థిని మొదటి వ్రాత ఇది: “పదకొండున్నరకు బాబు కోపముతో, కావలెననియే, పాప చేయి కొరికెను.” పర్యవేక్షకురాలు ఎర్రసిరాతో “కోపముతో” అను మాటను, “కావలెననియే” అను మాటను కొట్టివేసి, “వాని కోపము నీకు ఎక్కడ కనబడినది? చూచినది వ్రాయుము, తలచినది వ్రాయకుము” అనెను.

ఆ రెండు మాటలును పోయిన తరువాత మిగిలినది స్వల్పము. ముందేమి జరిగినదో విద్యార్థిని చూడనే లేదు. ఇకమీదట చూడవలసి వచ్చినది. ఐదు దినములు ఆమె చూచి వ్రాసెను. కొరికినవి, కొరుకబోయినవి కలిపి ఆరు. అందులో ఐదు పదకొండుంబావుకును పన్నెండుకును మధ్య జరిగినవి. ఐదును చేతులు కడుగుకొను కుళాయివద్దనే. అచ్చట ఇరుకుచోటున పిల్లలందరు ఒక్కసారి క్రిక్కిరిసి నిలుచుచుండిరి. ప్రతిమారును మొదటి గడిలో ఒక వాక్యము కనబడుచుండెను: “బాబు బూ బూ అని అరచెను.”

సాయంకాలము బాలుని తల్లి వచ్చినప్పుడు విద్యార్థిని ఆ అరపును అనుకరించి చూపి, అదేమని అడిగెను. తల్లి ఒక క్షణము ఊరకుండెను. పిదప, “బువ్వ” అనెను. ఇంటివద్ద వాడు పదకొండు గంటలకే అన్నము తినును. బువ్వ యనగా అన్నము. వాడు ఇన్ని దినములును అన్నము అడుగుచున్నాడు. అడిగినది ఎవరికిని తెలియలేదు. చుట్టును తోపులాట, కోరపండ్లు వచ్చుచున్న వయస్సు గనుక చిగుళ్ల సలుపు, కడుపున ఆకలి. మాట పనిచేయనిచోట వాడు పంటిని ఉపయోగించెను.

అటుపిమ్మట మారినవి చాలవరకు చిన్న విషయములే. పదిన్నరకు పిల్లలందరికి అరటిపండు ముక్కలు పెట్టుట ఆరంభమయ్యెను. చేతులు కడుగుటకు ముగ్గురేసి చొప్పున పోవునట్లు ఏర్పాటు జరిగెను. ఆ బాలుడు మొదటి ముగ్గురిలో నుండెను. చిగుళ్లు సలిపినప్పుడు నమలుటకు చల్లనీటిలో తడిపి పిండిన శుభ్రమైన గుడ్డ వానికి ఇయ్యబడెను. పిల్లలు పోట్లాడుకొను బొమ్మలు ఒక్కొక్కటికి బదులు రెండేసి వచ్చెను. విద్యార్థిని అమ్మ, బువ్వ, నీళ్లు, ఇవ్వు, వద్దు, బజ్జో అను ఆరు తెలుగు మాటలు నాగరిలిపిలో వ్రాసికొని కంఠస్థము చేసెను. ఆమె నోట మొదటిసారి “బువ్వ కావాలా?” అను మాట విన్నప్పుడు బాలుడు నిశ్చేష్టుడై ఆమె ముఖమువంక చూచెనట. పరదేశమున స్వభాష విన్న వానికి ఆ చూపు ఎట్టిదో ఈ సభలోనివారికి వివరింప నక్కరలేదు.

మరల కొరికినప్పుడు ఏమి చేయవలెనో కూడ ఆమెకు నేర్పబడెను. మొదట చూడవలసినది కొరికినవానిని గాక, కొరకబడినదానిని. గాయమును సబ్బుతో కడిగి, చల్లనిగుడ్డ వేసి, ఆ పాపను దగ్గరకు తీసికొనవలెను. తరువాత కొరికినవాని యెదుట మోకాళ్లపై కూర్చుండి, వాని కన్నులకు సమముగా తన కన్నులుంచి, మెల్లగా, స్థిరముగా, “కొరికితే నొప్పి. కొరకనివ్వను” అని రెండే మాటలు చెప్పవలెను. పిమ్మట చేయవలసినది చూపవలెను: “వద్దు అను”, “ఇవ్వు అను.” చేయకూడనిది చెప్పి ఊరకుండిన పసివానికి దారి మూసినట్లే, చేయదగినది చూపిన దారి తెరచినట్లు. నొప్పి తెలియుటకై బిడ్డను తిరిగి కొరుకవలెనని చెప్పువారును కలరు. దానివలన బిడ్డ నేర్చునది, పెద్దవారును కొరుకుదురని మాత్రమే. కొరికిన బిడ్డ పేరు ఇతర తల్లిదండ్రులకు చెప్పకుండుటయు శిక్షణలో ఒక నియమము. ఏడాదిన్నర ప్రాయమున పడిన పేరు ఆ బిడ్డ వెంట పోరాదు.

రెండవ వారమున ఆ పుస్తకములోని వ్రాతలు తగ్గెను. మూడవ వారమున ఒకనాడు, వేరొక బాలిక ఆ బాలుని చేతిలోని డబ్బాను లాగినప్పుడు, వాడు నోరు తెరచి, విద్యార్థినివైపు చూచి, “వద్దు” అనెను. విద్యార్థిని ఆ మాటను మూడు గళ్లలో ఎక్కడ వ్రాయవలెనో తెలియక అంచున వ్రాసికొనెను. మరునాడు వాడు మరల కొరికెను! పసివారి పాఠము ఒక్కమారు చెప్పిన నిలుచునది కాదు. కాని ఈసారి ఆమె చేయిచాపు దూరములోనే యుండుటచే పండ్లు చొక్కాకు తగిలెను గాని చేతికి తగులలేదు. బాలుడు కాకినాడకు పోలేదు. తల్లి ఉద్యోగము మానలేదు.

ఈ వృత్తాంతమున మారినదెవరు? బాలుడు కొంత మారెను, నిజమే. అంతకు ముందు మారినవి గది, గడియారము, విద్యార్థిని కంఠస్వరము, ఆమె వాడు మాటలు. ఎర్రసిరా ఆ రెండు మాటలను కొట్టివేసిన దినముననే మార్పు మొదలయ్యెను. బిడ్డను “మొండివాడు” అని పిలిచినంతకాలము ఆమెకు చూడవలసిన పని లేకుండెను. ఆ పేరు తొలగినపిదప ఆకలి కనబడెను.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును: ఇట్లు బిడ్డల కోరికలన్నియు కనిపెట్టి తీర్చుచు పోయిన వారికి కట్టుబాటు అలవడునా? ప్రశ్న ఉచితమైనదే. కట్టుబాటు అక్కరలేదని ఎవరును చెప్పలేదు. కొరుకబోవు బిడ్డను చేతితో ఆపుట కట్టుబాటే. “కొరకనివ్వను” అను మాట కట్టుబాటే. ఆపుట వేరు, అవమానించుట వేరు. వీధిలోనికి పరుగిడు పసివానిని గట్టిగా పట్టుకొనవలసినదే. పట్టుకొన్న పిదప కొట్టనక్కరలేదు. హద్దు స్థిరముగా ఉండవలెను, స్వరము శాంతముగా ఉండవలెను. రెండింటిని ఒక్కచోట నిలుపుటయే ఈ విద్యలోని కష్టము. పెద్దవారికి సహనము తప్పిన క్షణమున బిడ్డను సురక్షితమైనచోట ఉంచి, వేరొకరిని పిలిచి, కొంచెము అవతలికి పోవుట మేలు. శిశువును పట్టి కుదిపిన మెదడునకు ప్రాణాపాయమైన గాయము కలుగవచ్చునని ప్రతి విద్యార్థినికి మరల మరల చెప్పుట ఇందులకే.

ఇండ్లలో చేయదగినవియు ఇట్టివే. “బూచివాడు వచ్చును”, “పోలీసువాడు పట్టుకొనిపోవును”, “డాక్టరు సూది గుచ్చును” అను బెదరింపులతో ఒక ముద్ద ఎక్కువ తినిపింపవచ్చును గాని, నిజముగా డాక్టరువద్దకు పోవలసిన దినమున ఆ ముద్దకు వెల చెల్లింపవలసి వచ్చును. కార్యాలయమునకు బయలుదేరునప్పుడు బిడ్డ చూడకుండ వెనుకతలుపున జారిపోవుట వలన ఏడుపు ఒక్కసారికి తప్పును. కాని అమ్మ ఏ క్షణముననైన మాయమగునను భయము దినమెల్ల నిలుచును. “అమ్మ ఆఫీసుకు పోయి, సాయంత్రము వచ్చును” అని చెప్పి, ముద్దిడి, ఏడ్చినను పోయి, చెప్పినట్లే వచ్చుట మేలు. “ఏ చొక్కా తొడుగుకొందువు?” అని అడుగుటకంటె “ఎర్రదా, నీలమా?” అని అడిగిన రెండేండ్లవానికి తన మాట చెల్లినట్లును ఉండును, తల్లికి బస్సు అందినట్లును ఉండును. ఆట ముగింపవలసియున్నప్పుడు ముందుగా, “ఇంకొక్కసారి జారి, ఇంటికి పోదము” అని చెప్పిన పేచీ కొంత తగ్గును.

పిల్లవానిని శిశుసంరక్షణాలయమున చేర్చు తల్లిదండ్రులు రుసుము, వేళలు అడిగి ఊరకొనక, తమ బిడ్డ భాషను ఒక కాగితముమీద వ్రాసి ఇయ్యవలెను. ఆకలికి ఏమనును, నిద్రకు ఏమనును, దొడ్డికి పోవలెనన్న ఏమనును - పది మాటలు చాలును. పరభాషా ప్రాంతమున నున్న తెలుగు కుటుంబములకు ఈ కాగితము ఎంతయు ముఖ్యము. ఇంకొక సంగతి: ఏడాదిన్నర నిండినను ఒక్క మాటయు రాకున్నను, పేరుపెట్టి పిలిచిన తిరిగి చూడకున్నను, వచ్చిన మాటలు పోయినను, అది నడవడిలోని లోపమని దండింపక వైద్యునకు చూపి, వినికిడిని పరీక్షింపజేయవలెను. వినబడని బిడ్డను మాట విననివాడని శిక్షించుటకంటె అన్యాయము లేదు.

శిక్షణ ముగిసిన దినమున ఆ విద్యార్థినికి నోటుపుస్తకము తిరిగి ఇయ్యబడెను. మొదటి పుటలో ఎర్రసిరాతో కొట్టివేసిన రెండు మాటలును అట్లే యున్నవి. ఆమె వానిని చెరపలేదు. రేపు ఆమె చేతికి వచ్చు ప్రతి బిడ్డయు ఏదో ఒక భాషలో “బువ్వ” అనును. దానిని అరపుగా వినుటయో, మాటగా వినుటయో పెద్దల చేతిలోనున్నది. మాటగా విన్నవారి చేతులలో మొక్క తనంత తానే వెలుతురువైపు వంగును.